నా చోట రెండు క్లిప్పులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆసుపత్రి లాండ్రీలో అందరికీ తెలుసు. కాబట్టి ఈ సంగతి నెమ్మదిగా, మర్యాదగా చెప్పమని నన్నెవరూ అడగకండి. మర్యాదగా మాట్లాడడానికి ఇన్నాళ్ళూ పొడుగక్క ఉంది. ఎవరేమన్నా, ఏం చేసినా, "పోనీలేవే" అనేది. ఆ పోనీలేవే విని విని అందరికీ అలుసైపోయింది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. మొత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను, అదే నా కడుపుమంట.

మా లాండ్రీ ఆసుపత్రి అడుగున, జనరేటర్ గది పక్కన ఉంటుంది. ఇరవై రెండు మెట్లు దిగాలి. పైన ఎన్ని మంచాలున్నాయో అన్నింటి దుప్పట్లూ, గలీబులూ, ఆపరేషన్ గదిలో వేసుకునే ఆకుపచ్చ గౌన్లూ మా దగ్గరికే దిగుతాయి, మా దగ్గర్నుంచే ఎక్కుతాయి. ఉతికే యంత్రాలు నాలుగు, ఆరబెట్టేవి మూడు. నడిమధ్యలో వేడి రోలరు. ఈ రోలరుకి ఒక మనిషి చాలదు. సగం తడిగా ఉన్న దుప్పటిని కుడి కొస ఒకరు, ఎడమ కొస ఒకరు పట్టుకుని, బిగువుగా లాగి, అంచు వంకర పోకుండా లోపలికి అందించాలి. ఎవరి చెయ్యి కాస్త సడలినా దుప్పటి ముడుచుకుపోయి లోపల చుట్టేసుకుంటుంది. ఇక మిషను ఆపాలి, కాలిన గుడ్డ వాసన పీల్చాలి, చార్టు బాబాయి చేత తిట్లు తినాలి. కుడి వైపు పొడుగక్క, ఎడమ వైపు నేను. పదమూడేళ్ళు అలాగే నిలబడ్డాం.

చార్టు బాబాయి అంటే మా సూపర్‌వైజరు. ఎవరు ఏ రోజు డ్యూటీలో ఉండాలో గీసే ఆ కాగితమే ఆయనకు ప్రాణం. దాన్ని గోడకి అంటించి, మీద ప్లాస్టిక్ తొడుగు వేసి, రోజుకు నాలుగుసార్లు చూసుకుంటాడు. సొంత కూతురి పెళ్ళి ఫొటో కూడా అంత శ్రద్ధగా తుడుచుకుని ఉండడు.

పొడుగక్క నిజంగానే పొడుగు. నాకంటే రెండు జానలు ఎత్తు. మేమిద్దరం మెట్లు దిగి వస్తుంటే ఉతికే మిషన్ల దగ్గరివాళ్ళు "నిచ్చెనా స్టూలూ వచ్చేశాయి" అనేవాళ్ళు. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, పొట్టీ అనే పిలుపు. వాళ్ళాయన సందు మొదట్లో గడియారాలు బాగుచేస్తాడు. ఆయనా నా అంతే ఉంటాడట. "ఇంట్లో ఆయన కోసం వంగాలి, ఇక్కడ నీకోసం వంగాలి. నా నడుముకి ఆ దేవుడే దిక్కు" అని నవ్వేది.

పనిలో మాత్రం ఆమెకు ఆమే సాటి. దుప్పటి చేతిలోకి రాగానే, వెలిసిన వైపు చూసి "ఇది కిటికీ పక్క మంచానిదే" అని చెప్పేది. తల దగ్గర అతుకు పడ్డ దుప్పటిని తిప్పి, అతుకు కాళ్ళ వైపు వచ్చేలా మడత పెట్టించేది. "ఒంట్లో బాగోలేనివాళ్ళకి చెంప కింద అతుకు గుచ్చుకుంటుందే" అనేది. గలీబుల్లో దొరికిన ఉంగరాలూ, కళ్ళజోళ్ళూ, ఒకసారి ఎవరిదో పళ్ళ సెట్టూ, తనే మెట్లెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చేది. నాకు గర్భసంచి ఆపరేషనై పైన పది రోజులు పడుకున్నప్పుడు పక్క మంచాలకి రెండు రోజులకో దుప్పటి వస్తే, నా మంచానికి రోజూ కొత్త దుప్పటి వచ్చేది. మూలన చిన్న ముడి వేసి ఉండేది. ఎవరు పంపారో చీటీ రాయక్కర్లేదు. ఆ ముడి పట్టుకుని నేను ఒకరోజు బాగా ఏడ్చాను కూడా.

అలాంటి మనిషికి నేను చేసిన నిర్వాకం చెబుతాను వినండి.

పొడుగక్కది వేరే మతం. మా ఊళ్ళో వాళ్ళు గుప్పెడు మంది, లాండ్రీలో ఆమె ఒక్కతే. ఆ సంగతి మాకు ఎప్పుడు గుర్తొచ్చేదంటే మా పెద్ద పండగప్పుడు. పండగైనా పబ్బమైనా రోగులు మంచాలు దిగరు కదా, దుప్పట్లు మారాల్సిందే. ఎవరో ఒకరు ఉండాలి. ఆమె చేరిన మొదటి ఏడాది తనంతట తనే అంది. "మీరంతా పిల్లలున్నవాళ్ళు, వెళ్ళిరండి బాబాయ్. నాకెలాగూ ఇవాళ పండగ కాదు, నేను చూసుకుంటాలే." అందరం దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయాం. రెండో ఏడాది బాబాయి అడిగాడు. మూడో ఏడాది అడగలేదు, చార్టులో రాసేశాడు. ఆ తర్వాత అదొక చట్టమైపోయింది. మొదటి ఏడాది తిరక్కుండానే ఆమెకి కూతురు పుట్టింది, ఆమే పిల్లలున్న మనిషైంది, అయినా చార్టు మారలేదు.

నేనేమైనా తక్కువ తిన్నానా? పండగ మర్నాడు డబ్బాలో నాలుగు మిఠాయి ముక్కలు పెట్టుకొచ్చి, "ఇదిగో అక్కా, నీకోసమే దాచా" అని చేతిలో పెట్టి, ఏదో ఉద్ధరించినట్టు పొంగిపోయేదాన్ని. ఆవిడ కళ్ళకద్దుకుని తినేది. సిగ్గు లేకపోతే సరి నాకు.

రోలరుకి ఎడమ పక్క, అంటే నా పక్క, ఒక ఇనప స్తంభం ఉంది. దానికి జానెడు ఎలాస్టిక్ ముక్క కట్టి, చివర బట్టలు ఆరేసుకునే చెక్క క్లిప్పులు రెండు వేలాడుతుండేవి. ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో నాకు తెలియదు, ఎన్నడూ అడగలేదు. చెమట తుడుచుకునే తువ్వాలు తగిలించుకోవడానికి బాగుందని నా తువ్వాలు దానికే తగిలించేదాన్ని. పండగ మర్నాడు వచ్చి చూస్తే తువ్వాలు మడతపెట్టి నా స్టూలు మీద ఉండేది. మళ్ళీ తగిలించేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బుర్రకి తట్టలేదు. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

ఈ ఏడాది పైన ఆఫీసులో కొత్త మేనేజరు మేడమ్ వచ్చింది. మంచి చదువుకున్న మనిషి, మాట తేనె. వచ్చీ రాగానే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, "ఇన్నేళ్ళూ మన ఆసుపత్రిలో ఒక్క మతం పండగే చేశారు. ఇకమీద అలా కుదరదు. అన్ని మతాలవాళ్ళూ కలిసి జరుపుకునే అందరి పండగ చేద్దాం. ఎవరూ తమని వదిలేశారని అనుకోకూడదు" అంది. నిజం చెప్పొద్దూ, నా ఒళ్ళు పులకరించింది. శాఖకి ఒకరు చొప్పున కమిటీ వేశారు. లాండ్రీ తరఫున నోరున్న మనిషి కావాలని నన్ను వేశారు.

కమిటీలో ఏం చేశామని? గోడలకి ఏ రంగు కాగితాలు, మిఠాయి ఏది, ముఖ్య అతిథి ఎవరు. రెండు గంటలు అదే గోల. తారీఖు దగ్గరికి వచ్చేసరికి మేడమ్ క్యాలెండరు చూసి, "పద్దెనిమిది బాగుంది, ఏ సెలవూ లేదు. ఎవరికైనా ఇబ్బందా?" అంది. నేను లేచి నిలబడి మరీ, "మా లాండ్రీ తరఫున ఏ ఇబ్బందీ లేదు మేడమ్" అన్నాను. నా నోరు పడిపోను! ఆ క్యాలెండరులో మా పండగలన్నీ ఎర్ర అంకెలే. పొడుగక్క వాళ్ళ రోజు నల్ల అంకె. నల్ల అంకె కిందా ఒక రోజు ఉండొచ్చని కమిటీలో ఉన్న మా పదకొండు మందిలో ఒక్కరికీ తోచలేదు. కిందికి దిగి ఒక్క మాట అడిగితే పోయేది.

పోస్టరు కోసం ఫొటోలు తీశారు. పొడుగక్కని పైకి పిలిచారు, నేను వెంట వెళ్ళాను. ఫొటో తీసేవాడు ఆమెని పూలకుండీ పక్కన నిలబెట్టాడు.

"మీవాళ్ళ బట్టలేసుకుని రావాల్సింది కదమ్మా" అంది మేడమ్.

"ఇవే మా బట్టలండీ" అంది పొడుగక్క.

"అదే, పండక్కి వేసుకునేవి."

"పండక్కీ ఇవేనండీ. కాస్త ఉతికినవి వేసుకుంటాం."

నాకు నవ్వాగలేదు. మేడమ్‌కి మాత్రం నవ్వు రాలేదు. రెండు రోజులకి లిఫ్టు పక్కన పోస్టరు పడింది. అందరి ముఖాలూ బొటనవేలంత ఉంటే పొడుగక్క ముఖం తాంబాళమంత వేశారు. ఆ మతం మనిషి ఆసుపత్రి మొత్తానికి ఆమె ఒక్కతే కదా మరి. కింద "మనమంతా ఒకే కుటుంబం" అని రాశారు.

పండగ నోటీసు మా గోడ మీద అంటించిన రోజు నాకు బాగా గుర్తు. చార్టు బాబాయి చదివి వినిపిస్తున్నాడు, మేం రోలరు దగ్గర ఉన్నాం. "పద్దెనిమిదో తారీఖు" అన్న మాట వినబడగానే నా చేతిలో దుప్పటి వదులైపోయింది. కుడి వైపు అక్క చెయ్యి సడలింది. పదమూడేళ్ళలో ఎన్నడూ సడలని చెయ్యి. దుప్పటి చుట్టుకుపోయి పొగ వచ్చింది. నేను మిషను ఆపి, "ఏమైందక్కా? కళ్ళు తిరిగాయా?" అన్నాను.

"పద్దెనిమిదో తారీఖటగా."

"అవును, నేనే ఖాయం చేయించా" అన్నాను గొప్పగా.

ఆమె నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. కోపం కాదు. కోపమైనా బాగుండేది.

అప్పుడు చెప్పింది. ఏడాదికి ఒక్కటే వాళ్ళ రోజు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మధ్యాహ్నం పన్నెండింటికి అందరూ వాళ్ళ ప్రార్థన గదిలో కూర్చుంటారు. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు లేచి వాళ్ళ గ్రంథంలోది పైకి చదువుతారు. మొదటిసారి చదివే పిల్ల పక్కన తల్లి నిలబడాలి. ఈ ఏడాది తన కూతురు చదువుతోంది.

"ఆరు నెలల్నుంచి నేర్చుకుంటోందే. రాత్రి నిద్దట్లో కూడా అదే గొణుగుతోంది. 'అమ్మా, నువ్వు పక్కనుంటేనే నేను లేస్తా' అంటోంది."

"మరి ఇన్నేళ్ళూ ఆ రోజు ఎలా వెళ్ళేదానివి? సెలవు పెట్టినట్టు లేదే!"

"అన్నం వేళ పరిగెత్తి వెళ్ళి వచ్చేదాన్ని. ఎలాగూ ఉపవాసం కదా, అన్నం వేళ నాకు మిగిలిపోయేది."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడాదికొకరోజు "చిన్న పనుందే" అని చెంగు బిగించి మెట్లెక్కి పరిగెత్తేది. ఒకసారి నేనే "ఏంటక్కా, ఎవరితోనైనా సినిమాకా?" అని వెక్కిరించాను.

మేడమ్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. పొడుగక్క ఒక్క రోజు సెలవు కావాలని చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. మేడమ్ చాలా ఓపికగా వింది. విని ఏమందో తెలుసా?

"నీ బాధ అర్థమైందమ్మా. కానీ చూడు, మీ పండగని కూడా మేం అందరి పండగలో కలిపేశాం కదా. మళ్ళీ విడిగా సెలవెందుకు? పైగా పోస్టరు మీద నువ్వే ఉన్నావు. నువ్వే రాకపోతే ఇది అందరి పండగ ఎలా అవుతుంది?"

హవ్వ! విన్నారా? ఆవిడ రోజుని ఆవిడ చేతుల్లోంచి లాక్కుని, మిఠాయిలో కలిపేసి, ఇదిగో నీ వాటా అంటారా! పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. "పోనీ తారీఖు మార్చండి మేడమ్, నాది పొరపాటు" అన్నాను. ముఖ్య అతిథికి మాటిచ్చేశామంది.

కిందికొచ్చి బాబాయి మీద పడ్డాను. ఆయన చార్టు వంక చూసి, "అడగందే అమ్మైనా పెట్టదు. ముందే అడగాల్సింది" అన్నాడు.

"ఇప్పుడు అడుగుతోందిగా!"

"ఇప్పుడు చార్టు అయిపోయింది."

ఆ చార్టులో ఏముందో చూడండి. పద్దెనిమిదిన లాండ్రీ అంతా పండగ హాలుకి. డ్యూటీలో ఒక్కరు, పొడుగక్క, ఆ రోజు అన్నం వేళ కూడా చోటు వదలడానికి లేదు. మళ్ళీ పదకొండుంపావుకి ఐదు నిమిషాలు స్టేజీ మీద కనబడి, కిందికొచ్చి పని చేసుకోవాలి. అందరి పండగ రోజున పండగ లేని మనిషి ఆమె ఒక్కతే, పోస్టరు మీదేమో ఆమె ముఖమే. "నా పేరు రాయండి బాబాయ్, నేనుంటా" అన్నాను. కమిటీవాళ్ళు హాల్లో ఉండాలట, రాసింది రాసిందేనట. నేను నోరు చేసుకోబోతే పొడుగక్క నా చెయ్యి పట్టుకుని, "పోనీలేవే" అంది.

"నీ పోనీలేవేని తగలెయ్య!" అని అరిచాను.

చివరికి ఇద్దరం ఒక ఉపాయం చేసుకున్నాం. పదకొండుంపావుకి స్టేజీ పని అవుతుంది. పదకొండున్నరకి నేను హాల్లోంచి జారుకుని కిందికొచ్చి ఆమె చోట నిలబడతాను, ఆమె వెళ్తుంది. ప్రార్థన గది రెండు వీధులవతలే, టైర్ల షాపు పైన. పది నిమిషాల నడక. "మరి ఒక్కదానివే రోలరు ఎలా నడుపుతావే?" అంది. "నువ్వు పండగలకి ఎలా నడుపుతున్నావో అలాగే" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది.

పద్దెనిమిది వచ్చింది. హాలంతా రంగు కాగితాలు, మైకు గోల. పదకొండున్నర అయినా ముఖ్య అతిథి జాడ లేదు. ఆయన వస్తేగాని ఏదీ మొదలుపెట్టరట. నాకు కాలు నిలవలేదు. స్టేజీ పిలుపు కోసం చూస్తూ కూర్చుంటే ఇక ఆ పిల్ల గతేం కావాలి? కొత్త చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కిందికి పరిగెత్తాను.

తలుపు దగ్గర ఆగిపోయాను. పొడుగక్క ఒక్కతే ఉంది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. ముఖం మీద చెమట ధారగా కారుతోంది. దుప్పటిని పొడవునా రెండు మడతలు వేసి, ఎడమ కొసని ఆ క్లిప్పులకి తగిలించింది. ఎలాస్టిక్ బిగువుగా సాగింది. కుడి కొస తను పట్టుకుని అందించింది. అంచు రోలరు నోట్లోకి వెళ్ళగానే, పొడుగాటి చెయ్యి చాచి క్లిప్పులు ఊడదీసింది. వెంటనే వెనక్కి పరిగెత్తి అటువైపు వస్తున్న దుప్పటి అందుకుంది. మళ్ళీ ముందుకొచ్చింది. మళ్ళీ క్లిప్పులు.

పదమూడేళ్ళుగా నేను తువ్వాలు తగిలించుకున్నది అదన్నమాట. నేను పండగ చేసుకుంటున్నప్పుడల్లా నా చోట నిలబడ్డవి ఆ రెండు క్లిప్పులు. నా మీద నాకే అసహ్యమేసింది.

"పదక్కా, ఇంక వెళ్ళు!" అన్నాను.

"స్టేజీ అవలేదుగా?"

"స్టేజీ గంగలో కలవనీ. డ్యూటీ వేళ గేటు దాటాలంటే చీటీ కావాలిగా, దాని మీద బాబాయి సంతకం పెట్టిస్తా, పద."

మెట్లెక్కితే హాలు, హాలు దాటితేగాని గేటు రాదు. బాబాయి ముందు వరసలో కూర్చున్నాడు. నేను చీటీ పట్టుకుని వంగి వంగి ఆయన దగ్గరికి వెళ్తుండగానే మేడమ్ స్టేజీ మీద నుంచి పొడుగక్కని చూసేసింది. అంత ఎత్తు మనిషి దాక్కుందామన్నా దాగదు. ముఖ్య అతిథి అప్పుడే వచ్చి కూర్చున్నాడట. "అదిగో, మన పోస్టరు అమ్మ! రండి రండి!" అని మైకులో కేక. ఇద్దరమ్మాయిలు వచ్చి చెరో చెయ్యీ పట్టుకుని స్టేజీ ఎక్కించారు. అప్పటికి పదకొండూ నలభై ఐదు.

మేడమ్ ఐకమత్యం గురించి మాట్లాడింది. ముఖ్య అతిథి ఐకమత్యం గురించి మాట్లాడాడు. పొడుగక్క గోడ గడియారం వంకే చూస్తోంది. పదకొండూ యాభై నాలుగుకి మేడమ్ పళ్ళెంలోంచి మిఠాయి ముక్క తీసి, "అందరి పండగలో మొదటి ముక్క మన అక్కకే" అని ఆమె నోటి దగ్గర పెట్టింది. ఫొటో తీసేవాడు ముందుకొచ్చాడు. "నోరు తెరవమ్మా, ఇటు చూడు."

పొడుగక్క నోరు తెరవలేదు. చేత్తో నోరు మూసుకుంది. మిఠాయి అలాగే గాల్లో ఉంది. మేడమ్ నవ్వుతూ ఇంకాస్త దగ్గరికి పెట్టింది. అప్పుడు పొడుగక్క మైకు వైపు వంగి, ఎవరితోనో ఇంట్లో మాట్లాడినట్టు అంది.

"ఇవాళ మా ఉపవాసం అండీ. మంచినీళ్ళు కూడా తాగం. పన్నెండింటికి మా అమ్మాయి మొదటిసారి చదువుతోంది. నేను పక్కన నిలబడాలి. నన్ను పంపించండి."

మేడమ్ మైకు లాక్కుని, "ఎంత చక్కగా చెప్పిందో! వాళ్ళ సంప్రదాయం ఎంత గొప్పదో! చప్పట్లు కొట్టండి!" అంది.

కొట్టారు. మూడు వందల మంది కొట్టారు. అదేదో ఆమె కార్యక్రమమైనట్టు, పాట పాడి ముగించినట్టు, హాలు దద్దరిల్లేలా కొట్టారు. బాబాయి కొట్టాడు. ఇంకో మాట దాచుకోను, రెండు చప్పట్లు నా చేతులూ కొట్టాయి, అలవాటు చొప్పున. మూడోదానికి తెలివొచ్చింది.

స్టేజీ ఎలా ఎక్కానో నాకు తెలియదు. మేడమ్ చేతిలో మైకు గుంజుకున్నాను. "చప్పట్లు ఆపండి! ఆవిడ పాట పాడలేదు, సెలవడిగింది! మీకు చెవులున్నాయా లేవా? ఉపవాసమున్న మనిషి నోట్లో మిఠాయి కుక్కుతారా? పదమూడేళ్ళు మన పండగలకి కింద ఒక్కతే చచ్చింది, ఆవిడ పండగ పూట ఒక గంట ఇవ్వలేరా? ఈ తారీఖు పెట్టించిన దౌర్భాగ్యురాలిని నేనే, కావాలంటే నన్ను కొట్టండి. ముందు చీటీ మీద సంతకం పెట్టండి బాబాయ్!"

బాబాయి తల దించుకుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. అప్పుడు పన్నెండూ ఐదు. పొడుగక్క చీటీ తీసుకుని పరిగెత్తింది. అంత ఎత్తు మనిషి అలా పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు. ఆమె వెళ్ళిన దారి వంక ఒకరిద్దరు చూశారు. తర్వాత పాటలు మొదలయ్యాయి.

నేను కిందికి వెళ్ళి రోలరు దగ్గర నిలబడ్డాను. అక్క చోటు నుంచి నా చెయ్యి ఎడమ పక్క క్లిప్పుల దాకా అందలేదు. మూడు దుప్పట్లు కాల్చేశాను.

సాయంత్రం మేడమ్ నన్ను పిలిచింది. అరవలేదు. "మీ ఆవేశం అర్థం చేసుకోగలను. వచ్చే ఏడాది వాళ్ళ రోజుని జాబితాలో పెట్టే విషయం పరిశీలిస్తాం" అంది.

"వచ్చే ఏడాదీ ఆ పిల్ల చదువుతుంది మేడమ్. కానీ మొదటిసారి చదవదు" అని వచ్చేశాను.

మర్నాడు పొడుగక్క ఎప్పటిలాగే వచ్చింది. చెంగు దోపుకుంది. దుప్పటి కొస నా చేతికిచ్చింది. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నాలుగు దుప్పట్లు పోయాక తనే అంది.

"చదివిందట."

నేను తలెత్తలేదు.

"ఒక్క తప్పు కూడా లేకుండా చదివిందట. నా చోట మా ఆడపడుచు నిలబడిందట. లేచి నిలబడ్డాక రెండుసార్లు గుమ్మం వైపు చూసిందట. నేను మెట్లెక్కేసరికి అందరూ ముగించి కూర్చున్నారు."

"పిల్ల ఏమంది?"

"ఏమీ అనలేదు. 'పోనీలే అమ్మా' అంది."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ మాట కూడా ఆ పిల్లకి అప్పుడే నేర్పేశామా! దుప్పటి వదిలేసి, స్తంభానికున్న ఎలాస్టిక్ పట్టుకుని గుంజాను. ముడి బిగుసుకుపోయి ఉంది.

"తెంపకే పొట్టీ" అంది పొడుగక్క మామూలుగా. "నెలాఖరుకి మీ పండగ వస్తోందిగా. మళ్ళీ నాకు కావాలి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అంతలా గుచ్చుకుంది. నేను మిషను ఆపేశాను. గోళ్ళతో, పళ్ళతో ఆ ముడి విప్పాను. స్టూలు తీసుకెళ్ళి కుడి వైపునున్న ఇంకో స్తంభం దగ్గర వేసుకుని ఎక్కి, ఆ ఎలాస్టిక్కుని అక్కడ, అక్క చోట, కట్టాను. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, బాబాయి చూస్తుండగానే చార్టు మీది ప్లాస్టిక్ తొడుగు లేపి, మా పెద్ద పండగ గడిలో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశాను.

"పండగ పూట ఇంట్లో మీ అత్తగారు ఊరుకుంటుందా?" అన్నాడు బాబాయి.

"ఊరుకోకపోతే ఆవిడని కూడా తీసుకొస్తా. దుప్పటికి రెండో కొస పట్టుకుంటుంది" అన్నాను.

పొడుగక్క మాత్రం తన వైపు స్తంభానికి వేలాడుతున్న క్లిప్పులనే చూస్తోంది.

"అక్కడ కడితే నీ చెయ్యి అందదే" అంది.

"అందకపోతే స్టూలెక్కుతా, కాలితే నాలుగు దుప్పట్లు కాలతాయి. నువ్వు మాత్రం ఆ రోజు రాకు. ఇంట్లో కూర్చుని, ఆ పిల్లని నీ ఎదురుగా నిలబెట్టుకుని, మొత్తం మొదట్నుంచి చదివించుకో."

ఈసారి ఆమె పోనీలేవే అనలేదు. నేను మిషను వేశాను. ఇద్దరం చెరో కొసా పట్టుకుని తర్వాతి దుప్పటి అందించాం.